డబ్బు తీసుకునే ముందు చెప్పిన మాటే లెక్క

ఇంట్లో ఒక గదిలో బల్ల వేసుకుని సింథసైజర్ మాడ్యూళ్లు (ఎలక్ట్రానిక్ వాద్యంలో ఒక్కో పని చేసే విడి భాగాలు) చేసి అమ్మే మనిషికీ, వాటిని కొన్న మనిషికీ మధ్య తగాదా వచ్చినప్పుడల్లా రెండు వాదనలు వినిపిస్తాయి. అమ్మినవాళ్లు "ఒక్కణ్ణే చేసుకుంటున్నాను, ఇది కంపెనీ కాదు, కాస్త సర్దుకోవాలి" అంటారు. కొన్నవాళ్లు "డబ్బు కట్టాను, మీ ఇబ్బందులు నాకు అనవసరం" అంటారు. ఈ రెంటిలో దేన్నీ నేను ఒప్పుకోను. చిన్న వ్యాపారానికి కొన్ని మినహాయింపులు ఇవ్వడం న్యాయమే. ఆలస్యం కావచ్చు, ఫోనులో దొరక్కపోవచ్చు, కొనేవాళ్లే సోల్డరింగ్ చేసిన బోర్డును వెనక్కి తీసుకోకపోవచ్చు. కానీ ఆ మినహాయింపులన్నీ డబ్బు చేతులు మారకముందే కొనేవాళ్ల కళ్ల ముందు రాసి ఉండాలి. డబ్బు తీసుకున్నాక చెప్పేది షరతు కాదు, సాకు. అలాగే స్పష్టంగా రాసిన షరతు చదివి కొన్నాక దాని మీదే గొడవకు దిగడం కూడా అన్యాయమే.

ఈ మాడ్యూళ్లలో ఎక్కువగా కనిపించే యూరోరాక్ అనే కొలతల పద్ధతి గురించి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోప్ఫర్ తన ఏ-100 సిస్టంతో మొదలుపెట్టిన కొలతలివి. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు, వెడల్పు 5.08 మిల్లీమీటర్ల గుణిజాల్లో, కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. కొలతలు అందరికీ తెలిసినవే కాబట్టి ఎవరు చేసిన మాడ్యూలైనా ఎవరి పెట్టెలోనైనా బిగించుకోవచ్చు. ఒకరిద్దరితో నడిచే దుకాణాలు ఈ రంగంలో ఇన్ని పుట్టడానికి కారణం అదే. కొన్నవాళ్లే కట్టుకునేలా విడి భాగాలిచ్చే కిట్ల అమ్మకం అంతకన్నా పాతది. రాబర్ట్ మూగ్ 1961లో థెరమిన్ అనే, తాకకుండా వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం గురించి పత్రికలో వ్యాసం రాసి, దాని కిట్లు ఇంటి నుంచే పోస్టులో పంపించారు. ఆయన పేరుతో సింథసైజర్ వచ్చింది ఆ తరవాతే.

ముందు ధర సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే సగం తగాదాలు అక్కడే పుడతాయి. "ఇందులో భాగాలు 42 యూరోలు కూడా చెయ్యవు, 200కి అమ్ముతున్నారు, దోపిడీ" అనే మాట తరచూ వింటాం. ఆ 200 ఎటు పోతుందో ఒక నమూనా లెక్క వేద్దాం. జర్మనీలో 19 శాతం పన్ను తీసేస్తే 168 మిగులుతుంది. దుకాణం ద్వారా అమ్మితే దుకాణదారు వాటా 35 శాతం అనుకుందాం, అది 59. తయారుచేసినవాళ్ల చేతికొచ్చేది 109. బోర్డు, ప్యానెల్, జాకులు, నాబులు, చిప్పులు కలిపి 42, చిన్న భాగాలను ఫ్యాక్టరీలో అతికించినందుకు 12, డబ్బా, ప్యాకింగు 4. మిగిలింది 51. పరీక్షించి, శృతి సరిచేసే సమయం, పనికిరాకుండా పోయిన మొదటి రెండు మూడు నమూనా బోర్డుల ఖర్చు, యూరప్‌లో అక్కడి నియమాలు పాటించినట్టు చూపే సీఈ గుర్తుకు కావలసిన పరీక్షలు, అద్దె, ఆదాయపు పన్ను, అన్నీ ఆ 51లోంచే. వందలో నాలుగు వెనక్కి వచ్చాయంటే, రానుపోను పోస్టేజీ, కొత్త బోర్డు కలిపి ఒక్కోటి ఒక మాడ్యూల్ మిగులును దాదాపు పూర్తిగా మింగేస్తుంది. వంద మాడ్యూళ్లు అమ్మితే మిగిలేది 5,100 యూరోల లోపే, అదీ నెలల పనికి. కాబట్టి భాగాల ధరతో పోల్చి దోపిడీ అనడం తప్పు. అలాగని ఈ లెక్క చూపించి నాసిరకం పనిని సమర్థించుకోవడం కూడా తప్పే. ధర నిర్ణయించింది అమ్మేవాళ్లే. అది చాలకపోతే పెంచాలి గానీ, తక్కువ ధర పెట్టి ఆ లోటును కొన్నవాళ్ల ఓపికతో పూడ్చుకోకూడదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మొహమాటంతో ధర తక్కువ పెట్టి, ఆరు నెలల్లో విసిగిపోయి, ఈమెయిళ్లకు జవాబివ్వడం మానేస్తారు. ఆ మొహమాటానికి మూల్యం చెల్లించేది చివరికి కొన్నవాళ్లే.

కిట్ల దగ్గర లెక్క ఇంకా బిగుతు. 60 యూరోల కిట్టులో పన్ను పోగా 50. భాగాలు 28, వాటిని లెక్కపెట్టి సంచుల్లో వేయడానికి ఇరవై నిమిషాలు. మిగిలే ఇరవై చిల్లరలో ఒక "పనిచెయ్యట్లేదు" ఈమెయిలుకి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. అలాంటివి మూడు సార్లు నడిస్తే గంట పోయింది, మిగులూ పోయింది. అందుకే "కట్టడంలో జరిగిన తప్పులకు ఉచిత సహాయం లేదు" అని పేజీ మీద రాయడం పూర్తిగా న్యాయం. అయితే ఆ మాట రాసే హక్కు సంపాదించుకోవాలంటే అమ్మేవాళ్లు తమ వంతు పని ముందు పూర్తిచెయ్యాలి.

ఆ వంతు ఏమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే తప్పు ఎవరిదన్నది ఇక్కడే తేలుతుంది. బోర్డు మీద ఆర్1, ఆర్2 అని వరుస సంఖ్యలు మాత్రమే కాక రెసిస్టర్ విలువ కూడా అచ్చు వెయ్యాలి. ఒక శాతం రెసిస్టర్లకు నీలి ఒంటి మీద ఐదు పట్టీలుంటాయి. 1కె (వెయ్యి ఓంలు) అంటే గోధుమ, నలుపు, నలుపు, గోధుమ. 10కె అంటే నాలుగో పట్టీ ఎరుపు. 100కె అయితే నారింజ. పసుపు బల్బు వెలుగులో, నీలి రంగు మీద ఈ మూడింటినీ కంటితో వేరుచేయడం కష్టం. కాబట్టి సంచి మీద విలువ రాసి, "ప్రతిదీ మల్టీమీటరుతో కొలిచి పెట్టండి" అని మొదటి పేజీలోనే చెప్పాలి. రూపాయి కూడా చెయ్యని రెసిస్టర్లు రెండేసి ఎక్కువ వేస్తే "ఒకటి తక్కువైంది" అనే ఉత్తరాలు సగం తగ్గుతాయి.

ట్రాన్సిస్టర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2ఎన్3904ని చదును వైపు మనకు ఎదురుగా పెట్టుకుంటే కాళ్లు ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547ని అలాగే పెట్టుకుంటే కలెక్టర్, బేస్, ఎమిటర్. ఒకటి దొరక్క రెండోది సంచిలో వేసి, బోర్డు మీద పాత బొమ్మనే వదిలేస్తే, కొన్నవాళ్లు ఆ బొమ్మ ప్రకారం బుద్ధిగా పెట్టి మరీ తప్పు చేస్తారు. సర్క్యూట్ మొత్తం చచ్చినట్టు ఉండదు, శబ్దం సన్నగా, వంకరగా వస్తుంది. అందుకే కారణం దొరకడానికి రోజులు పడుతుంది. ఇది కట్టినవాళ్ల తప్పు కాదు, అమ్మినవాళ్ల తప్పు. "దీన్ని బొమ్మకు తిప్పి పెట్టండి" అనే చీటీ ఒకటి వేస్తే సరిపోయేది. ఆ చీటీ లేనప్పుడు బోర్డు మార్చి ఇవ్వాల్సిందే, పోస్టేజీ కూడా పెట్టుకోవాల్సిందే.

కొన్నవాళ్ల వంతు కూడా ఉంది. చిప్పులు పెట్టకముందు ప్లస్ 12కీ గ్రౌండుకీ మధ్య, మైనస్ 12కీ గ్రౌండుకీ మధ్య షార్టు లేదని చూసుకోవాలి. తరవాత కరెంటిచ్చి సాకెట్లలో వోల్టేజీ కొలవాలి. రెండు ఆంప్లిఫయర్లున్న టీఎల్072 చిప్పులో 8వ పిన్ను ప్లస్, 4వ పిన్ను మైనస్. అదే కుటుంబంలో నాలుగు ఆంప్లిఫయర్లున్న టీఎల్074లో 4వ పిన్ను ప్లస్, 11వది మైనస్. అలవాటు మీద రెంటినీ ఒకేలా కొలిచి "కరెంటు తలకిందులుగా వస్తోంది" అని కంగారుపడేవాళ్లు ఉంటారు. సహాయం అడిగేటప్పుడు బోర్డు రెండు వైపులా వెలుతురులో తీసిన ఫోటోలు, కొలిచిన వోల్టేజీలు, ఏ మెట్టు దాకా సరిగా నడిచింది, ఏ పవర్ సప్లై వాడారు, ఇవి నాలుగూ మొదటి ఈమెయిల్లోనే పంపాలి. "పని చెయ్యట్లేదు, ఏం చెయ్యాలి?" అని ఒక్క వాక్యం రాసి, మర్నాటికి జవాబు రాలేదని నాలుగు చోట్ల తిట్టడం ఎవరికీ మర్యాద కాదు. ఎంత చూసినా తేలనివాటికి రుసుము తీసుకుని మరమ్మతు చేస్తామని అమ్మేవాళ్లు ముందే ఒక ధర రాసిపెట్టడం ఇద్దరికీ మంచిది.

పవర్ కనెక్టరు విషయంలో మాత్రం నేను పూర్తిగా కొన్నవాళ్ల పక్షం. యూరోరాక్ పట్టీ తీగలో ఎర్ర గీత ఉన్న వైపు మైనస్ 12. పది పిన్నుల కనెక్టరులో ఒక చివర రెండు పిన్నులు మైనస్, మధ్య ఆరు గ్రౌండు, రెండో చివర రెండు ప్లస్. తిప్పి గుచ్చితే ప్లస్, మైనస్ తారుమారై చిప్పులు నిమిషంలో కాలిపోతాయి. చీకటి పెట్టెలో, వేళ్లు పట్టని సందులో, ఎవరైనా ఎప్పుడో ఒకసారి తిప్పి గుచ్చుతారు. దీన్ని ఆపడానికి కావలసింది గాడి ఉన్న గోడల కనెక్టరు ఒకటి, లేకపోతే కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే 1ఎన్5817 షాట్కీ డయోడ్లు, ప్లస్, మైనస్ దారుల్లో ఒక్కోటి చొప్పున రెండు. ఆ డయోడ్ల వల్ల పోయేది దాదాపు 0.3 వోల్టు, ఖర్చు కొన్ని సెంట్లు. ఆ కొన్ని సెంట్లు మిగుల్చుకుని, "తిప్పి పెడితే వారంటీ వర్తించదు" అని రాయడం ముందు చెప్పిన షరతే అయినా న్యాయం కాదు. తెలిసిన ప్రమాదాన్ని చవగ్గా ఆపగలిగీ ఆపకుండా నష్టాన్ని ఎదుటివాళ్ల మీదికి తోసే షరతు ఎంత ముందు రాసినా చెల్లకూడదు. నేను పెట్టుకున్న నియమానికి ఇదొక్కటే మినహాయింపు. అయితే గాడి ఉన్న కనెక్టరు పెట్టాక కూడా బలవంతంగా తిప్పి నొక్కితే అది కొన్నవాళ్ల పొరపాటే.

ఇక శృతి. స్వరాన్ని పుట్టించే మాడ్యూలైన అనలాగ్ ఆసిలేటరు కొన్నవాళ్లలో ఎక్కువమంది ఫిర్యాదు "శృతి నిలవట్లేదు" అని. ఇందులో ఏది లోపం, ఏది స్వభావం అన్నది కొలతల్లో చెప్పాలి. ఈ మాడ్యూళ్లలో ఒక వోల్టుకు ఒక స్థాయి (పన్నెండు స్వరస్థానాలు), అంటే ఒక్కో స్వరస్థానానికి 83.3 మిల్లీవోల్టులు. ఆ వోల్టేజీని ఫ్రీక్వెన్సీగా మార్చే ట్రాన్సిస్టర్ల జత ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, డిగ్రీకి సుమారు 0.33 శాతం. బెర్లిన్‌లో ఇరవై నాలుగు డిగ్రీల గదిలో సరిచేసిన మాడ్యూల్‌ని మే నెలలో విజయవాడలో ఏసీ లేని గదిలో, 38 డిగ్రీల దగ్గర వాయించారనుకోండి. తేడా 14 డిగ్రీలు, అంటే నాలుగున్నర శాతం. స్వరస్థానంలో నూరో వంతును సెంటు అంటారు. 1200 సెంట్ల స్థాయి 1145 దగ్గర ఆగిపోతుంది. స్థాయికి సగం స్వరస్థానం తగ్గినట్టు. నాలుగు స్థాయిలు పైకి వెళితే రెండు స్వరస్థానాలు ఎగిరిపోతాయి.

దీనికి మందు ఉంది. డిగ్రీకి పది లక్షల్లో 3300 వంతుల చొప్పున విలువ పెరిగే ప్రత్యేక రెసిస్టరును ఆ జతకు ఆనించి, మధ్యలో కాస్త థర్మల్ పేస్టు రాసి పెట్టడం. చాలా బోర్డుల్లో దాని చోటు ఉంటుంది గానీ, ధర తగ్గించడానికి అక్కడ మామూలు 1కె పెడతారు. పెట్టొచ్చు, తప్పేమీ లేదు. కానీ "శృతి బ్రహ్మాండంగా నిలుస్తుంది" అని రాసి అలా పెట్టకూడదు. "ఇరవై నిమిషాలు వేడెక్కాక, గది ఉష్ణోగ్రత మారనంతవరకు, ఐదు స్థాయిల్లో మూడు సెంట్లకు అటూ ఇటూ" అని రాస్తే అదీ మాట. తంబుర శృతి పక్కన పెట్టి వాయించేవాళ్లకి ఐదు సెంట్లు బాగానే వినిపిస్తాయి. 440 హెర్ట్జ్ దగ్గర రెండు శబ్దాలూ కలిసి సెకనుకి ఒకసారికి మించి ఊగుతాయి. మనవాళ్లు కొనే ముందు ఈ రెసిస్టరు ఉందా అని తప్పకుండా అడగాలి. సమాధానం చెప్పకుండా నీళ్లు నమిలితే కొనకపోవడం మేలు. "జత కట్టిన ట్రాన్సిస్టర్లు" (కొలిచి ఏరిన ఒకేలాంటి రెండు) అని కిట్టులో రాస్తే ఎంత తేడాలో జత కట్టారో కూడా రాయాలి. వేలితో తాకితేనే డిగ్రీకి రెండు మిల్లీవోల్టుల చొప్పున కొలత మారిపోతుంది కాబట్టి, తాకాక కొన్ని నిమిషాలు ఆగకుండా చేసిన జతకు విలువ లేదు.

అన్నిటికన్నా పెద్ద సమస్య ముందస్తు డబ్బు. నమూనా బాగా వచ్చింది, వీడియో పెట్టారు, రెండు వందల మంది కొంటామన్నారు. పెట్టుబడి లేదు కాబట్టి పూర్తి ధర ముందే వసూలు చేస్తారు. ఆ డబ్బుతో భాగాలు కొనబోతే ప్రోగ్రామును నడిపే చిప్పు, మైక్రోకంట్రోలరు, దొరకదు. 2021లో కొన్ని చిప్పులకు పంపిణీదారులు 52 వారాలు ఆగమన్నారు. దొరికిన చిప్పుకు తగ్గట్టు బోర్డు మార్చాలి, ప్రోగ్రామ్ మార్చాలి. ఈలోగా ఇంటి ఖర్చులు ఆగవు. అదే ఖాతాలోంచి వాడతారు. తరవాత రెండో ఉత్పత్తికి ముందస్తు డబ్బు తీసుకుని మొదటి దాని భాగాలు కొంటారు. అక్కడి నుంచి బయటపడినవాళ్లు తక్కువ. వీళ్లలో మోసం చెయ్యాలని మొదలుపెట్టినవాళ్లు ఎంతమందో చెప్పలేం గానీ, కొన్నవాళ్ల చేతికి మాత్రం మోసపోయినప్పుడు దక్కేదే దక్కుతుంది.

కొన్నవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. ఆన్‌లైన్ చెల్లింపుల సేవ పేపాల్‌లో ఫిర్యాదు డబ్బు కట్టిన రోజు నుంచి 180 రోజుల్లోపే పెట్టాలి. "ఎనిమిది నెలల్లో పంపిస్తాం" అని డబ్బు తీసుకుంటే, గడువు తీరేసరికి ఫిర్యాదు చేసే దారి మూసుకుపోయి ఉంటుంది. కాబట్టి ఆరు నెలలు దాటే వాగ్దానానికి పూర్తి డబ్బు ఇవ్వకండి. అమ్మేవాళ్లు పాటించాల్సిన వరుస ఇలా ఉండాలి. ముందు దొరకడం కష్టమైన చిప్పులు సొంత డబ్బుతో కొని పెట్టుకోవాలి. అంత డబ్బు లేకపోతే ఇరవై మాడ్యూళ్లతోనే మొదలుపెట్టాలి. పేర్లు రాసుకోవాలి గానీ డబ్బు తీసుకోకూడదు. బోర్డులు అతికించి చేతికి వచ్చాక వరుసలో ఉన్నవాళ్లకి చెప్పి, వారం గడువిచ్చి, అప్పుడు డబ్బు తీసుకోవాలి. అడ్వాన్సు తప్పదనుకుంటే భాగాల ఖర్చుకు మించకూడదు, వేరే ఖాతాలో ఉండాలి, పంపే రోజు దాకా ఎప్పుడడిగినా ప్రశ్నలు లేకుండా తిరిగివ్వాలి. మధ్యలో ధరలు పెరిగితే డబ్బు కట్టినవాళ్లకి పాత ధరే.

భాగం మార్చాల్సి వచ్చినా చెప్పాల్సిందే. సీఈఎం3340 అనే ఆసిలేటర్ చిప్పును కర్టిస్ సంస్థ 2016లో మళ్లీ విడుదల చేసింది. అదే పిన్నులతో లాత్వియాలో ఏఎస్3340 కూడా తయారవుతుంది. రెండూ పనిచేస్తాయి. కానీ పేజీ మీద మొదటి పేరు రాసి రెండోది పెట్టి పంపితే, శబ్దంలో తేడా లేకపోయినా మాట తప్పినట్టే. పంపేముందు తెలియజేసి, వద్దన్నవాళ్లకి డబ్బు తిరిగివ్వాలి.

వరుస విషయంలో ఒక చిన్న మాట. ఇరవై మాడ్యూళ్లను వేసవిలో జర్మనీ ఉదయం పదింటికి అమ్మకానికి పెడితే మనకు మధ్యాహ్నం ఒకటిన్నర, కాలిఫోర్నియాలో రాత్రి ఒంటిగంట. ఐదు నిమిషాల్లో అయిపోయినవి రెట్టింపు ధరకు చేతులు మారతాయి. ఒక రోజంతా పేర్లు తీసుకుని, మనిషికి ఒకటి చొప్పున లాటరీ తీస్తే ఆ గొడవ ఉండదు.

మన దేశానికి తెప్పించుకునేవాళ్లు ఒక కోరిక మానుకోవాలి. కస్టమ్స్ సుంకం తగ్గించుకోవడానికి "గిఫ్ట్ అని రాయండి, 30 యూరోలు వెయ్యండి" అని అడగడం. అలా రాస్తే దొంగ ప్రకటన చేసినది పంపినవాళ్లు, ఇన్సూరెన్సు వచ్చేది ఆ 30కే, పెట్టె పోతే ఇద్దరూ కొట్టుకుంటారు. సుంకం, జీఎస్టీ, కొరియరు రుసుము మనమే కట్టాలి, కేవైసీ పత్రాలు మనమే ఇవ్వాలి. ఇవి అమ్మేవాళ్ల ధరలో లేవు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి కూడా 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. అంతకుముందు చూసుకున్న లెక్కలు ఇప్పుడు పనికిరావు.

యూరప్‌లో కొనేవాళ్లకి అక్కడి చట్టం సరుకు అందిన రోజు నుంచి 14 రోజుల్లో వెనక్కివ్వడానికి అవకాశం ఇస్తుంది, లోపాలకు రెండేళ్ల హామీ ఇస్తుంది. "ఇది నాకు హాబీ" అన్నంత మాత్రాన వ్యాపారంగా అమ్మేవాళ్లకి ఆ బాధ్యత తప్పదు. మనకు మాత్రం వెనక్కి పంపడమే పెద్ద ఖర్చు. సరైన కాగితాలు లేకపోతే బాగుచేసి తిరిగి పంపినప్పుడు మళ్లీ సుంకం పడొచ్చు. కాబట్టి సర్క్యూట్ బొమ్మ, అనుమానం ఉన్న చిప్పు పంపించి, ఇక్కడే ఎవరితోనైనా బాగు చేయించుకొమ్మనడం దూరపు కొనుగోలుదారుకు చేసే నిజమైన మేలు. మరమ్మతు కూలీలో కొంత భరిస్తే ఇంకా మేలు.

సర్క్యూట్ బొమ్మ దాచుకునేవాళ్ల భయం నాకు అర్థమవుతుంది, నకళ్లు వస్తాయని. పారిస్‌లో ఎమిలీ జిలే నడిపిన మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన మాడ్యూళ్ల సర్క్యూట్లు, ప్రోగ్రాములు బహిరంగంగా ఉంచింది. నకళ్లు వచ్చాయి, లైసెన్సు అందుకు అనుమతించింది. నకలు చేసేవాళ్లు సంస్థ పేరు మాత్రం వాడకూడదు. 2022లో ఆ సంస్థ మూతపడినా ఆ మాడ్యూళ్లు ఇవాళ్టికీ బాగు చేయించుకోవచ్చు, ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించుకోవచ్చు, కొత్తవి కట్టుకోవచ్చు. ఒంటరిగా నడిచే దుకాణం ఎన్నాళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు కాబట్టి కొన్నవాళ్లకు ఇంతకన్నా గట్టి వారంటీ లేదు. అమ్ముతున్నన్నాళ్లూ దాచుకోవాలనుకుంటే దాచుకోండి. మూసేసే రోజున మాత్రం బాకీ ఉన్న ఆర్డర్లు పంపించి, పంపలేనివాటికి డబ్బు తిరిగిచ్చి, సర్క్యూట్ బొమ్మలు, ప్రోగ్రామ్ ఫైళ్లు, శృతి సరిచేసే పద్ధతి ఒకచోట పెట్టి, మిగిలిపోయిన అరుదైన చిప్పులను మరమ్మతు అవసరమైనవాళ్లకి కొన్న ధరకు ఇచ్చేయాలి. ఆ పనికి నెల పడుతుంది. ఆ నెల ఖర్చును కూడా మొదటి మాడ్యూల్ ధర కట్టేటప్పుడే లెక్కలో వేసుకోవాలి.